మందాకిని గారి పంటిగాటు

ఒక పెద్ద అడవిలో, వానాకాలం వస్తే ఎవరి ఇల్లు ఏ వాగులో తేలుతుందో ఎవరికీ తెలియని అడవిలో, గుండ్లకొండ అని ఒక కొండ ఉంది. అడవంతా మునిగినా ఆ కొండ మునగదు. దాని ఒంటినిండా గుహలూ బొరియలూ కలిపి నలభై రెండు ఇళ్ళు. ఇల్లు కావలసిన జంతువులు మాత్రం నాలుగు వందలు. ఇలాంటి లెక్క ఎక్కడుంటే అక్కడ ఒక సంఘం పుడుతుంది. ఇక్కడా పుట్టింది.

దాని పేరు గుండ్లకొండ నివాసాల సంఘం. అధ్యక్షుడు ఎలుగుబంటి భూషణం గారు. ఆయనకు తేనె తినడం వచ్చు, సభ తీర్చడం వచ్చు, తీర్చిన సభలో నిద్రపోవడం వచ్చు. అధ్యక్షుడికి ఇంతకన్నా ఏం రావాలి?

సంఘానికి ఒక నియమం ఉంది. ఇల్లు కావాలన్నవాడు తనకు రోజూ ఎంత తిండి దొరుకుతోందో పత్రం చూపించాలి. దాన్ని ఆదాయ పత్రం అంటారు. అడవిలో ఆదాయమంటే తిండే. నాలుగు కాళ్ళవాళ్ళకు జేబులుండవు కాబట్టి సంపాదన దాచుకునే చోటు పొట్ట ఒక్కటే. నియమం వెనక ఉన్న ఆలోచన మంచిదే. ఆకలితో ఉన్నవాడికి ఇల్లిస్తే వాడు తన ఇంట్లో ఉండడు, పక్కింట్లో ఉంటాడు. పక్కింటివాడు వాడి పొట్టలో ఉంటాడు.

ఇది ఉత్త ఊహ కాదు. పోయిన ఏడు ఒక అడవిపిల్లి 'రోజుకు పన్నెండు ఎండ్రకాయలు' అని పత్రం పెట్టి ఇరవయ్యో నంబరు గుహలో దిగింది. వారం తిరక్కుండా పక్కింటి ఉడుతకు తోక సగమే మిగిలింది.

విచారణలో అడవిపిల్లి, "తోకే కదండీ, మళ్ళీ మొలుస్తుంది" అంది.

"అది బల్లికి! నేను ఉడుతని!" అని ఉడుత మొత్తుకుంది.

"ఆ తేడా దరఖాస్తులో రాయలేదే" అని భూషణం గారు ఆశ్చర్యపోయారు.

తీరా చూస్తే ఆ పత్రం దొంగది. అడవిపిల్లి ఎండ్రకాయను దూరం నుంచి కూడా చూసి ఎరగదు. దాంతో సంఘం ఉలిక్కిపడి, పత్రాలు పరీక్షించడానికి ఒక ఉద్యోగిని వేసింది. ఆ ఉద్యోగి పేరు పరాంకుశం. అతను అలుగు.

అలుగును చూడనివాళ్ళకు చెప్పాలి కదా. ఇంటి పెంకుల్లాగా ఒళ్ళంతా పొలుసులు, మూరెడు నాలుక, నోట్లో పన్ను అనేది లేదు. చీమలూ చెదలూ తిని బతుకుతుంది. భయమేస్తే బంతిలా చుట్టుకుంటుంది. అప్పుడు పులి వచ్చినా పళ్ళు అరగదీసుకుని పోవలసిందే. ఇంకో సంగతి, దాని ముక్కు గొప్పది. పుట్టలో చెదపురుగు ఏ మూల కూర్చుందో పైనుంచే చెబుతుంది. అందుకే పరాంకుశానికి ఆ ఉద్యోగం ఇచ్చారు. ఉద్యోగంతోపాటు దక్షిణం వైపు ఏడో నంబరు బొరియ ఇచ్చారు. భార్య ఆండాళ్ళు, పది రోజుల పిల్ల, అతను అందులో ఉంటున్నారు. పిల్లకు పొలుసులింకా గట్టిపడలేదు, తల్లి తోక పట్టుకుని వేలాడుతుంది. ఆ వయసులో తడిస్తే అలుగుపిల్ల బతకదు.

ఉద్యోగంలో చేరగానే పరాంకుశం ఒక కొత్త నియమం రాశాడు: 'ఉద్యోగులైనా సరే, ప్రతి ఏడూ వానలకు ముందు కొత్త ఆదాయ పత్రం పెట్టాలి. లేకపోతే ఇల్లు ఖాళీ చెయ్యాలి.' భూషణం గారు నిద్రలోనే బాగుందన్నారు. సొంత ఇంటికి ఎసరు పెట్టే నియమాన్ని ఇంత అందమైన అక్షరాలతో రాసినవాడు ఆ అడవిలో మరొకడు లేడు.

కార్యాలయంలో అతనికి ఒక సహాయకుడు, తొండ తిరుమలేశం. తొండల సంగతి తెలిసిందే, ఏం చెప్పినా తలూపుతాయి. తిరుమలేశం తల నిలువుగా ఒక్కటే ఊగుతుంది. అడ్డంగా ఊపడం వాళ్ళ వంశంలోనే ఎవరికీ చేతకాలేదు. పై అధికారులందరికీ అతనంటే ప్రాణం.

ఇక పత్రాలిచ్చేది ఎవరంటే, రెల్లుమడుగు దగ్గర కూర్చునే తహసీల్దారు, అడవిగేదె మందాకిని గారు. నిజాయితీ గల ఆఫీసరు. ఎవరి దగ్గరా గడ్డిపరక ముట్టరు. జంతువు తెచ్చిన తిండి కళ్ళారా చూసి, లెక్కపెట్టి, నాలుగు మూలలుగా కత్తిరించిన మోదుగాకు మీద రాసి, ఎర్రమట్టిలో గిట్ట ముంచి ముద్ర వేస్తారు. ఒకటే బలహీనత. రాస్తూ రాస్తూ ఆలోచనలో పడి ఆకు మూల కొరుకుతారు. అది ఆవిడకు మేత కాదు, ఆలోచన. కాలేజీ రోజుల్లో కలం చివర నమిలినవాళ్ళకు ఆ మనసు అర్థమవుతుంది.

ఈ సంగతి మొదట కనిపెట్టింది పరాంకుశమే. సంఘం దగ్గరున్న పాత పత్రాలన్నీ పరిచి చూస్తే, నిజాయితీపరులవన్నీ మూల తెగి ఉన్నాయి. అడవిపిల్లి పత్రం మాత్రం చక్కగా, నిండుగా, పెళ్ళి విస్తరిలా ఉంది.

"తిరుమలేశం! చూశావా? కొరికిందే అసలు! కొరకనిది దొంగది!"

తిరుమలేశం తలూపాడు.

మర్నాడే పరీక్షకు అవకాశం వచ్చింది. చిరుత వజ్రాయుధం దరఖాస్తు పట్టుకుని కొండెక్కి వచ్చాడు. ఖాళీగా ఉన్న ఎనిమిదో నంబరు గుహ కావాలన్నాడు. ఎనిమిదంటే పరాంకుశం బొరియకు పక్కదే.

"ఏం తింటారు?" అని అడిగాడు పరాంకుశం, వెనక్కి రెండడుగులు వేసి.

"ఉసిరికాయలండీ. రోజుకు రెండు గంపలు."

"వేటాడరా?"

"మానేసి ఏడాదైందండీ. నడుం నొప్పి."

పరాంకుశం పత్రం తిప్పి చూశాడు. దస్తూరీ మందాకిని గారిదే అనిపిస్తోంది. గిట్ట ముద్ర కూడా సరిగానే ఉంది. మూలలు నాలుగూ నిండుగా ఉన్నాయి.

"ఇది మందాకిని గారే ఇచ్చారా?"

"స్వయంగా, తమ గిట్టతో."

"ఇచ్చేటప్పుడు కొరకలేదా?"

వజ్రాయుధం తెల్లబోయాడు. "నన్నా?"

"పత్రాన్ని!"

"పత్రాన్ని ఎందుకు కొరుకుతారండీ, మీరు మరీను" అన్నాడు చిరుత. అంతే. దరఖాస్తు తిరస్కరణ.

మూడో రోజున వజ్రాయుధం మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆకు మూల నీటుగా కొరికి ఉంది. "పొరపాటైందండీ. అప్పుడు ఆవిడకు ఆకలిగా లేదట" అన్నాడు.

పరాంకుశం ఆకు వెలుగుకు ఎత్తి పట్టాడు. పళ్ళ గుర్తులు ఆకుకు పైనా ఉన్నాయి, కిందా ఉన్నాయి.

"వజ్రాయుధం గారూ, మందాకిని గారికి పైపళ్ళు ఎప్పుడొచ్చాయి?"

ఇక్కడ ఒక్క మాట. గేదెకు పై దవడలో ముందుపళ్ళు ఉండవు, గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. ఇది చాలామందికి తెలియదు. కాలేజీలో జంతుశాస్త్రం చదివినవాళ్ళు కూడా కప్పను కోసి వచ్చారే గాని, రోజూ పాలిచ్చే గేదె నోరు తెరిచి చూసిన పాపాన పోలేదు. పరాంకుశానికి ఎలా తెలిసిందంటే, సొంతంగా పళ్ళు లేనివాడు ఎదుటివాళ్ళ పళ్ళు శ్రద్ధగా చూస్తాడు.

"ఈ కొరుకుడు గేదెది కాదు. పిల్లి జాతిది. ఇంకా చెప్పమంటారా? ఆకు నిండా పునుగు వాసన. ఉసిరిచెట్టు కింద కొట్టు పెట్టుకున్న పునుగుపిల్లి పరిమళయ్య పని ఇది."

చిరుత ఆకు తీసుకుని దిగిపోయాడు. పోతూ పోతూ ఏడో నంబరు బొరియ గుమ్మంలో ఆండాళ్ళు తోక మీద ఊగుతున్న పిల్లను చూసి, "ముద్దుగా ఉంది" అన్నాడు. ఉసిరికాయలు తినేవాడు ఆ మాట అంత నోరూరుతూ అనడు.

పరాంకుశం పేరు అడవంతా మారుమోగిపోయింది. భూషణం గారు పెద్ద సభ పెట్టించి తేనెపట్టు ముక్కతో సత్కారం ఏర్పాటు చేశారు. పట్టు సభకు వచ్చేసరికి మైనం మాత్రమే మిగిలింది, అది వేరే సంగతి.

బయలుదేరుతుంటే ఆండాళ్ళు అంది, "ఏమండీ, పొగిడించుకోండి, సత్కారం చేయించుకోండి. ఆ గుర్తు సంగతి మాత్రం నోరు జారకండి."

"నేనేమన్నా చిన్నపిల్లవాణ్ణా?"

"చిన్నపిల్లలకు ఎవరూ సభలు పెట్టరండీ. అందుకే వాళ్ళ నోటికి ప్రమాదం లేదు."

సభలో భూషణం గారు కాసేపు మేలుకుని, "అసలు నువ్వెలా కనిపెడుతున్నావయ్యా? నాలుగు మాటలు చెప్పు" అన్నారు. పరాంకుశం నాలుగు మాటలే చెబుదామని లేచాడు. చప్పట్లు వినిపించాయి. పొలుసులు నిక్కబొడుచుకున్నాయి. ఆ పైన రెండు గంటలు మాట్లాడాడు. మందాకిని గారి ఆలోచన, కొరుకుడు, పైపళ్ళ లోపం, కిందిపళ్ళు ఎనిమిదీ ఏ వంపులో పడతాయి, ఆకు ఏ మూల ఎంత లోతు తెగుతుంది, అన్నీ ఇసుకలో బొమ్మ గీసి మరీ చూపించాడు. ముందు వరసలో పరిమళయ్య చెంప కింద చెయ్యి పెట్టుకుని భక్తిగా విన్నాడు. మధ్యలో, "ఆ వంపు ఇంకోసారి గీయండి సార్, వెనకవాళ్ళకు కనిపించలేదు" అని కూడా అడిగాడు. పరాంకుశం ఇంకోసారి గీశాడు.

సంఘం అక్కడితో ఊరుకోలేదు. ఆ ఉపన్యాసాన్నే చట్టం చేసి కొండ మొదట్లో పెద్ద బండ మీద రాయించింది: 'పంటిగాటు ఉన్న పత్రమే అసలు పత్రం. లేనిది చెల్లదు.' ఆమోదించిన పత్రాలను అందరూ చదువుకునేలా ఆ బండకే అతికించాలని కూడా నియమం పెట్టింది.

రెండో ముచ్చట ఇంకా బాగుంటుంది. ఈ ఉపన్యాసం ఆ నోటా ఈ నోటా పడి పైవాళ్ళ చెవికి చేరింది. పైవాళ్ళంటే ఎవరో అడవిలో ఎవరికీ తెలియదు గాని, కాగితాలు మాత్రం వస్తాయి. మందాకిని గారికి ఒకటి వచ్చింది: 'ప్రభుత్వ పత్రాలు మేస్తున్నట్లు సాక్షాత్తూ సంఘం ఉద్యోగే సభాముఖంగా ప్రకటించాడు. సంజాయిషీ ఇవ్వండి.' ఆవిడ సంజాయిషీ రాశారు. రాస్తూ రాస్తూ ఆలోచనలో పడి దాని మూల కూడా కొరికారు. దాంతో కేసు రుజువైంది.

అప్పటినుంచి ఆఫీసు వేళల్లో మందాకిని గారి మూతికి చిక్కం కట్టారు. నూర్పిళ్ళప్పుడు ఎద్దులు గింజ తినకుండా మూతికి తాళ్ళబుట్ట కడతారు చూడండి, అదే. ముప్ఫై ఏళ్ళు నిజాయితీగా పనిచేసిన ఆఫీసరు చిక్కంలోంచి కళ్ళు మాత్రం కనబడేలా కూర్చుని, నాలుగు మూలలూ నిండుగా ఉన్న పత్రాలు ఇవ్వడం మొదలుపెట్టారు.

ఇప్పుడు అడవిలో పరిస్థితి ఏమిటయ్యా అంటే: మందాకిని గారు ఇచ్చిన పత్రాలకు గాటు లేదు, చెల్లవు. పరిమళయ్య కొట్లో పత్రాలకు గాటుంది, చెల్లుతాయి. పరిమళయ్య ఒక దుప్పిని కూర్చోబెట్టాడు. దుప్పికీ పైపళ్ళుండవు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అది వరసగా ఆకులు కొరుకుతూ ఉండేది. అంత పనిచేసి అంత తిన్న జీవి మరొకటి లేదు.

మొదట వచ్చిన బాధితురాలు కుందేలు సుభద్రమ్మ. ఎనిమిదికి అటుపక్క తొమ్మిదో నంబరు కావాలంది. రోజుకు మూడు మోపుల గరిక, అన్నీ నిజమే. ఆకు నిండుగా ఉంది. పరాంకుశం ముక్కుకు మందాకిని గారి గిట్ట వాసన స్పష్టంగా తగిలింది. అయినా ఏం చేస్తాడు? సంఘం ఇచ్చిన పట్టీలో ముక్కుకు గడి లేదు. 'పంటిగాటు: ఉన్నది, లేదు' అని ఒక్క గడే ఉంది.

"గాటు లేదమ్మా. కుదరదు."

"అమ్మగారి మూతికి చిక్కం కట్టారు కదండీ, ఎలా కొరుకుతారు?"

"అది మీరూ అమ్మగారూ చూసుకోవాలి."

"చిక్కం కట్టించింది ఎవరండీ?"

పరాంకుశం తిరుమలేశం వైపు చూశాడు. తిరుమలేశం తలూపాడు. అది ఏ ప్రశ్నకు జవాబో ఇద్దరికీ అర్థం కాలేదు.

అదే వారం వజ్రాయుధం మూడోసారి వచ్చాడు. రోజుకు రెండు గంపల ఉసిరికాయలు. గాటు చూస్తే చిత్రం గీసినట్టుంది, కింద వరస ఒక్కటే, సరైన వంపు, సరైన లోతు. పరాంకుశం వాసన చూశాడు. దుప్పి ఎంగిలి.

"ఏమండీ, అనుమానమా?" అన్నాడు చిరుత మర్యాదగా. "మీరు ఇసుకలో గీసినట్టే ఉంది కదండీ."

అనుమానమని రాయడానికి కూడా గడి లేదు. పరాంకుశం 'ఉన్నది' దగ్గర గీత పెట్టాడు. ఎనిమిదో నంబరు గుహ వజ్రాయుధానిది అయింది.

ఆకాశం మూల మబ్బు కనిపించింది. ఉద్యోగులు కొత్త పత్రాలు పెట్టే వారం వచ్చింది.

పరాంకుశం రెల్లుమడుగుకు వెళ్ళాడు. మందాకిని గారు అతను తెచ్చిన చీమల పొట్లం విప్పించి, చిక్కంలోంచే లెక్కపెట్టి, 'రోజుకు రెండు పుట్టలు' అని రాసి, గిట్ట ముద్ర వేసి ఇచ్చారు. ఆకు నిండుగా, నిగనిగలాడుతోంది.

"అమ్మా, ఒక్క మనవి. ఈ మూల కొంచెం..."

"కొంచెం?"

"కొరికి పెడితే..."

చిక్కం లోపలినుంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది. తాళ్ళన్నీ ఊగాయి. "పరాంకుశం గారూ, నేను ముప్ఫై ఏళ్ళు కొరికాను. ఎవరికీ నష్టం లేదు. ఆ మూల పోయినా మాట ఉండేది. మీరు రెండు గంటలు మాట్లాడారు. ఇప్పుడు మూల ఉంది, మాటే పోయింది. వెళ్ళిరండి."

తన పత్రం తనే పరీక్షించుకోకూడదు కాబట్టి పరాంకుశం దాన్ని తిరుమలేశం ముందు పెట్టాడు. తిరుమలేశం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"గాటు లేదండి, అయ్యగారూ. కుదరదండి" అన్నాడు, నిలువుగా తలూపుతూ.

"తలూపుతూ కుదరదంటావేమిటి?"

"తల నాదండి. నియమం తమరిదండి."

"ఇది అసలుదని నీకు తెలుసు కదయ్యా!"

"తెలుసండి. తెలుసు అనే గడి లేదండి. ఎల్లుండి సాయంత్రంలోగా గాటున్న పత్రం పెట్టకపోతే ఏడో నంబరు ఖాళీ చేయమని నోటీసు రాయాలండి. రాసేశానండి. తమరు సంతకం పెట్టాలండి."

ఇంటికొచ్చి జరిగింది ఆండాళ్ళుకు చెప్పాడు. పిల్ల తోక మీద నిద్రపోతోంది. బయట గాలికి తడివాసన వచ్చేసింది.

"ఆకు ఇలా ఇవ్వండి, నేను కొరుకుతాను" అంది ఆండాళ్ళు. ఆకు నోట్లో పెట్టుకుని చప్పరించి, బయటికి తీసింది. మూల తడిసింది, తెగలేదు. పరాంకుశం ప్రయత్నించాడు. ఆకు శుభ్రపడింది. పిల్లను లేపి దాని నోట్లో పెట్టారు. అది పాలనుకుని చీకి, కావని తెలిసి ఏడ్చింది. ముగ్గురి నోళ్ళలో కలిపి ఒక్క పన్ను లేదు.

"పళ్ళ మీద రెండు గంటలు మాట్లాడారట" అంది ఆండాళ్ళు. "ఒక్కటి అరువడిగి తెచ్చుకోలేకపోయారా?"

"పరిమళయ్య దగ్గరికి వెళ్ళమంటావా?"

"పిల్ల తడవకూడదు. ఎక్కడికి వెళతారో నాకు చెప్పకండి. వెళ్ళిరండి."

ఉసిరిచెట్టు కింద పెద్ద వరస ఉంది. పరాంకుశం తల వంచుకుని చివర నిలబడ్డాడు. ముందున్న పొడుగు చెవులు వెనక్కి తిరిగాయి.

"రండి, రండి పరాంకుశం గారూ" అంది సుభద్రమ్మ. "వరసలో నా వెనకే చోటుంది. మీకోసం ఉంచినట్టుంది."

పరాంకుశం ముక్కు నేలకు ఆనించాడు. సుభద్రమ్మ మంచిది, ముందుకు తిరిగిపోయింది. తన వంతు రాగానే పరిమళయ్యతో చెప్పింది: "తొమ్మిదో నంబరు నాయనా. పక్కన ఎవరున్నారో నాకు తెలుసు. గరిక, చిగుళ్ళు అని రాయకు. రోజుకు మూడు మోపుల వేపాకు అని రాయి. వేపాకు తప్ప ఏడేళ్ళుగా ఇంకేమీ ముట్టలేదని రాయి."

"నోరు చేదుగా ఉంటుందేమో అమ్మగారూ" అని నవ్వాడు పరిమళయ్య.

"నోరు కాదు నాయనా, ఒళ్ళంతా. అదీ రాయి."

పరాంకుశం ఆ మాట విన్నాడు. విన్నాడే గాని పట్టించుకోలేదు. అప్పటికి అతని మనసంతా తన పరువు మీద ఉంది.

"సార్! తమరా!" పరిమళయ్య లేచి నిలబడ్డాడు. "తమ ఉపన్యాసం వల్లే కొట్టు ఇంతయింది సార్. ఏం సేవ చేయమంటారు?"

"ఇది నా అసలు పత్రం. ఆ దుప్పి చేత మూల కొరికించు, చాలు."

పరిమళయ్య ఆకు అందుకోబోయి, గిట్ట ముద్ర చూసి, నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "క్షమించండి సార్. ఇది ప్రభుత్వ పత్రం. దీన్ని చింపడం నేరం. నేను దొంగ పత్రాలే చేస్తాను సార్, తప్పుడు పనులు చెయ్యను. కొత్తది రాసిస్తాను. ఎన్ని పుట్టలు వెయ్యమంటారు?"

"రెండు. ఉన్నమాట రాయి."

"రెండా?" పరిమళయ్య మొహం జాలిగా పెట్టాడు. "ఇంత పెద్ద అధికారి, రోజుకు రెండు పుట్టలని బండ మీద అతికిస్తే చూసినవాళ్ళు ఏమనుకుంటారు సార్? నిన్న ముంగిస గుమాస్తా ఐదు వేయించుకున్నాడు."

"ముంగిస పుట్ట తినదు కదయ్యా!"

"అందుకే ఐదుతో ఆగాడు సార్. తమరైతే ఎనిమిది."

పరాంకుశం ఒక్క నిమిషం ఆలోచించాడు. సభలో చప్పట్లు చెవిలో వినిపించాయి. పొలుసులు మెల్లగా నిక్కబొడుచుకున్నాయి.

"ఎనిమిది వెయ్యి. ఆపైన ఒక తేనెపట్టు కూడా వెయ్యి."

"అదీ సార్!"

కూలి కింద పరిమళయ్య ఒక్క పొలుసు అడిగాడు. ముద్రలు చెక్కుకోవడానికి అలుగు పొలుసును మించింది లేదట. పరాంకుశం నడుం పక్కనుంచి ఒకటి ఊడదీసి ఇచ్చాడు. చుట్టుకున్నప్పుడు కనబడదులే అనుకున్నాడు.

తిరుమలేశం కొత్త పత్రం చూసి మురిసిపోయాడు. "ఇంత అసలైన పత్రం ఈ ఏడాది చూడలేదండి అయ్యగారూ!" అని తలూపాడు. ఈసారి తల, మాట ఒకే వైపు నడిచాయి. ఏడో నంబరు నిలబడింది. ఆమోదించిన పత్రాలన్నిటినీ నియమం ప్రకారం కొండ మొదట్లో బండకు, వానా వరదా అందని వైపు అతికించారు. ఎవరింట్లో ఎవరున్నారో, ఎంత తింటున్నారో అందరూ చదువుకోవచ్చు.

ఆ సాయంత్రమే వాన దిగింది. నాలుగు రోజులు తెరిపి లేదు. కింద అడవి మొత్తం ఎర్రనీళ్ళు. బొరియలో ఒక్క చుక్క పడలేదు. ఆండాళ్ళు పిల్లను పొదువుకుని, "ఎలా తెచ్చారో గాని, తెచ్చారు. చాలు" అంది. పరాంకుశం చాలా రోజుల తర్వాత నాలుక పూర్తిగా బయటపెట్టి ఆవులించాడు.

ఐదో రోజు పొద్దున్న గుమ్మంలో ఎవరో దగ్గారు.

"పరాంకుశం గారూ, ఉన్నారా? నేనండీ, ఎనిమిదో నంబరు. పొరుగువాణ్ణి."

వజ్రాయుధం పెద్ద తల గుమ్మం నిండా ఉంది. మీసాల నుంచి వాన కారుతోంది.

"ఏం పని?" అన్నాడు పరాంకుశం.

"పనేం లేదండీ. వాన కదా, తోచక బండ దగ్గర పత్రాలన్నీ చదువుతూ కూర్చున్నాను. మంచి సంఘం అండీ ఇది. ఎవరిల్లు ఎక్కడో, ఎవరి పోషణ ఎంతో, అన్నీ వరసగా రాసి ఉన్నాయి. అటు తొమ్మిదో నంబరావిడది చదివాను. ఏడేళ్ళుగా వేపాకట. పాపం, తలుచుకుంటేనే నాలుక చేదెక్కింది. తర్వాత మీది చదివాను." చిరుత పెదాలు నాక్కున్నాడు. "రోజుకు ఎనిమిది పుట్టలు. ఆపైన తేనెపట్టు! ఇంత పుష్టిగా తినే కుటుంబం ఈ కొండ మీద ఇంకోటి లేదండీ."

"తమరు ఉసిరికాయలు కదా తినేది!"

"ఈ మధ్య పడటం లేదండీ. పులుపు."

చప్పున ఆండాళ్ళు పిల్ల చుట్టూ చుట్టుకుంది. పరాంకుశం ఆండాళ్ళు చుట్టూ చుట్టుకున్నాడు. ఏడో నంబరు బొరియలో ఇప్పుడు ఒక పెద్ద పొలుసుల బంతి మాత్రం ఉంది. చిరుత దాన్ని పంజాతో దొర్లించాడు. కొరికాడు. పళ్ళు జారాయి. చుట్టూ తిరిగి శ్రద్ధగా పరిశీలించాడు. పరాంకుశం ఒకప్పుడు పత్రాలు అలాగే చూసేవాడు.

"అరే, ఇక్కడ నడుం పక్కన ఒక పొలుసు తక్కువైనట్టుందే" అంటూ ఒక గోరు ఆ సందులో పెట్టి పొడిచాడు.

బంతి లోపలినుంచి "అబ్బా!" అని వినిపించింది.

ఆ వానాకాలమంతా వజ్రాయుధం పొద్దునొకసారి, సాయంత్రమొకసారి వచ్చి అక్కడే పొడిచి, విప్పుకున్నారేమో చూసి పోయేవాడు. అతను వెళ్ళిన కాసేపట్లో పరాంకుశం నాలుక మాత్రం బయటికి చాపి, గోడ వెంట వెళ్ళే నాలుగు చీమలు అందుకుని ముగ్గురికీ పంచేవాడు. ఫిర్యాదు చేద్దామంటే, రాయడానికి విప్పుకోవాలి. విప్పుకుని రాసినా, చిరుత పత్రం అసలైనదని గీత పెట్టింది తనే.

ఒకనాడు బంతి లోపల చీకట్లో ఆండాళ్ళు మెల్లగా అడిగింది.

"ఏమండీ, ఎనిమిది పుట్టలని రాయించారా?"

"ఊఁ."

"మనకు రెండు దొరకడమే పండగ కదండీ."

"ఊఁ."

"పోనీ ఎనిమిది తిన్నా ఒంటికి పట్టడం లేదని ఇంకో ముక్క రాయించలేకపోయారా?"

దానికి పరాంకుశం జవాబు చెప్పబోయాడు గాని, సరిగ్గా అప్పుడే సాయంత్రమైంది.

నీతి: ఆదాయం ఎంతని రాయాలో తెలియకపోతే, ముందు పొరుగువాడి ఆకలి ఎంతో కనుక్కోవాలి.